బ్యాటరీ మీద నడిచే వైర్‌లెస్ నోడ్: ఏ మీటరుతో కొలవాలి, ఏ రెగ్యులేటరు పెట్టాలి, ఏ రేడియో తీసుకోవాలి

మేడ మీది ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో చెప్పే చిన్న పెట్టె, మన నోడ్ అదే. లోపల ఒక ఈఎస్‌పీ32 డెవ్‌కిట్ బోర్డు, మట్టం చూసే సెన్సరు, 2600 ఎంఏహెచ్ (మిల్లీయాంపు-గంటల) 18650 లిథియం-అయాన్ సెల్లు. 10 నిమిషాలకోసారి లేస్తుంది, వైఫైలో రీడింగు పంపుతుంది, మళ్లీ డీప్ స్లీప్‌లోకి, అంటే దాదాపు అన్నీ ఆపేసిన గాఢ నిద్రలోకి పోతుంది. డేటాషీటులో నిద్ర కరెంటు 10 మైక్రోయాంపులని ఉంది కాబట్టి నెలల తరబడి నడుస్తుందని లెక్క వేసుకుంటాం. తీరా వారం తిరిగేసరికి పెట్టె మూగబోతుంది.

ఇక్కడ చాలామంది చిప్పు మార్చేస్తారు. ఆ 10 మైక్రోయాంపులు చిప్పు ఒక్కదాని లెక్క, బోర్డు లెక్క వేరు. డెవ్‌కిట్ మీద వోల్టేజిని 3.3కి దించి నిలబెట్టే ఏఎంఎస్1117 రెగ్యులేటరు ఏ పనీ లేకుండా కూర్చున్నా దాదాపు 5 మిల్లీయాంపులు తాగుతుంది. ఎర్ర పవర్ ఎల్‌ఈడీ ఒకటో రెండో మిల్లీయాంపులు, యూఎస్‌బీ-సీరియల్ చిప్పు మరికొంత. అన్నీ కలిపి 8 నుంచి 10 మిల్లీయాంపుల దాకా పోతాయి. అంటే చిప్పు నిద్ర కరెంటుకు వెయ్యి రెట్లు. రోజుకు 240 ఎంఏహెచ్. సెల్లులో వాడుకోగలిగేది 2000 అనుకున్నా 8 రోజులే.

బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో తేల్చేది చిప్పు చుట్టూ ఉన్న సామాను, మెలకువగా గడిపిన సెకన్లు. అవి కనబడాలంటే సర్క్యూట్‌ను చెడగొట్టకుండా కొలవగలగాలి. అందుకని ఎంపిక మీటరు దగ్గరే మొదలుపెట్టాలి.

కరెంటు కొలవడానికి ఏది?

అందరి దగ్గరా ఉండే పసుపుపచ్చ డీటీ830 మల్టీమీటరునే తీసుకుందాం. కోఠిలో కొన్నా ఆన్‌లైన్లో తెప్పించినా లోపల పని ఒకటే: కరెంటు రేంజిలో పెడితే బ్యాటరీకీ బోర్డుకీ మధ్య ఒక రెసిస్టరు వచ్చి కూర్చుంటుంది. ఆ రెసిస్టరు మీద 200 మిల్లీవోల్టులు పడితే రేంజి నిండినట్టు. అంటే 2000 మైక్రోయాంపుల రేంజిలో 100 ఓములు, 20 మిల్లీయాంపుల రేంజిలో 10 ఓములు, 200 మిల్లీయాంపుల రేంజిలో 1 ఓము, దానికి తోడు ఫ్యూజు, వైర్లు.

నిద్ర కరెంటు చూద్దామని 2000 మైక్రోయాంపుల రేంజిలో పెట్టి బోర్డు ఆన్ చేస్తే ఏం జరుగుతుందో చూడండి. లేచిన చిప్పు వైఫై మొదలుపెట్టి 240 మిల్లీయాంపులు అడుగుతుంది. 100 ఓముల గుండా అంత రావాలంటే మధ్యలోనే 24 వోల్టులు పడాలి, మన సెల్లులో ఉన్నవే 4. చిప్పు దగ్గర వోల్టేజి కూలిపోతుంది, రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ కూలుతుంది. మీటరు మీద అంకెలు గంతులేస్తుంటాయి. అది చూసి ప్రోగ్రాములో తప్పుందని రోజులు గడిపేవాళ్లున్నారు. పోనీ 10 యాంపుల రేంజిలో పెడదామా అంటే అక్కడ కనబడే అతి చిన్న అంకె 10 మిల్లీయాంపులు, నిద్రంతా సున్నాగానే చూపిస్తుంది. ఖరీదైన ఆటో-రేంజ్ మీటర్లతో ఇంకో చిక్కు: రేంజి మారే క్షణంలో కొన్నిటిలో కరెంటు తెగి బోర్డు రీసెట్ అవుతుంది. వాటిని రేంజ్ హోల్డ్‌లో పెట్టే వాడాలి.

ఇదే చవక మీటరుతో నిద్ర కరెంటును నిక్కచ్చిగా కొలిచే దారి ఉంది. ప్రోగ్రాములో నిద్ర సమయం 60 సెకన్లు పెట్టండి. మీటరును 2000 మైక్రోయాంపుల రేంజిలో సిరీస్‌లో కలపండి. మీటరు రెండు ప్రోబులకూ అడ్డంగా ఒక క్రొకడైల్ క్లిప్ వైరు పెట్టి షార్ట్ చేయండి. ఇప్పుడు ఆన్ చేస్తే కరెంటంతా క్లిప్ వైరు గుండా పోతుంది, బోర్డు హాయిగా లేచి పని చేసుకుని పడుకుంటుంది. పడుకున్న రెండు మూడు సెకన్లకు క్లిప్ తీయండి, అంకె నిలబడగానే రాసుకోండి, 60 సెకన్లు కాకముందే క్లిప్ మళ్లీ పెట్టేయండి. క్లిప్ పెట్టి తీసే తిప్పలు వద్దనుకుంటే దాని బదులు 1ఎన్4007 డయోడు మీటరుకు అడ్డంగా కలపొచ్చు. నిద్రలో మీటరు మీద పడేది కొద్ది మిల్లీవోల్టులే కాబట్టి డయోడు మూసుకునే ఉంటుంది, లేచినప్పుడు తెరుచుకుని పెద్ద కరెంటును తన గుండా పోనిస్తుంది. అయితే మెలకువలో 0.7 నుంచి 0.9 వోల్టులు తినేస్తుంది కాబట్టి సెల్లు నిండుగా చార్జి చేసి పెట్టుకోవాలి.

కొలిచేటప్పుడు యూఎస్‌బీ కేబులు, సీరియల్ అడాప్టరు తీసేసి ఉండాలి. ఇది మరిచిపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. అడాప్టరు టీఎక్స్ (డేటా పంపే) వైరు చిప్పు పిన్ను లోపలి డయోడు గుండా దొంగచాటుగా కరెంటు పోస్తుంది, గ్రౌండు వైరు ఇంకో దారి తెరుస్తుంది. మీటరు తక్కువ చూపిస్తే, ఒక్కోసారి మైనస్‌లోకి పోతే, మొదట చూడాల్సింది ఈ కేబులే.

కరెంటు కొలిచే ఐఎన్‌ఏ219 మాడ్యూలు దీనికి బాగుంటుందని చాలాచోట్ల చెబుతారు. దాని మీద 0.1 ఓము షంటు (కరెంటు కొలిచే రెసిస్టరు) ఉంటుంది, కనిపించే కనీస మెట్టు 10 మైక్రోవోల్టులు. అంటే 100 మైక్రోయాంపుల కన్నా చిన్నదేదీ దానికి కనబడదు. పైగా చిప్పు ఆఫ్‌సెట్ పొరపాటు (సున్నా దగ్గరే ఉండే తేడా) 50 నుంచి 100 మైక్రోవోల్టుల దాకా ఉండొచ్చు కాబట్టి అసలేం పారకపోయినా 1 మిల్లీయాంపు చూపించగలదు. సోలార్ ప్యానెల్ చార్జింగు కరెంటుకో, మెలకువ కరెంటుకో అయితే మంచి పనిముట్టే. నిద్ర కరెంటుకు మాత్రం వద్దు. ఐఎన్‌ఏ226 ఇంకొంచెం మేలు, మెట్టు 2.5 మైక్రోవోల్టులు, ఆఫ్‌సెట్ 10 మైక్రోవోల్టుల లోపు. అయినా 0.1 ఓముతో అదీ పదుల మైక్రోయాంపుల దగ్గర ఆగిపోతుంది.

మెలకువ ఎన్ని సెకన్లు, అందులో ఎంతెంత తాగింది అన్న బొమ్మ కావాలంటే 1 ఓము, 1 శాతం రెసిస్టరును గ్రౌండు వైపు పెట్టి దాని మీద ఆసిలోస్కోపు పెట్టండి. 1 మిల్లీవోల్టు అంటే 1 మిల్లీయాంపు, లెక్కల పనే లేదు. ఎన్నో నోడ్లు తయారుచేసేవాళ్లు, లేక నిద్రనూ మెలకువనూ ఒకే గీత మీద చూడాలనుకునేవాళ్లు నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 కొనుక్కోవడం మంచిది. 200 నానోయాంపుల నుంచి 1 యాంపు దాకా తనే రేంజి మార్చుకుంటూ సెకనుకు లక్ష శాంపిళ్లు తీస్తుంది, 0.8 నుంచి 5 వోల్టుల దాకా సప్లై కూడా తనే ఇస్తుంది. నార్డిక్ చిప్పులకే కాదు, ఏ బోర్డుకైనా పనికొస్తుంది. చవక కాదు. ఇంట్లో ఒక్క పెట్టె కోసమైతే డీటీ830, క్లిప్ వైరు చాలు.

డబ్బు ఖర్చు లేని ఇంకో పద్ధతి కెపాసిటరు. 4700 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్‌ను 3.3 వోల్టుల లైను మీద కలిపి, పావుగంట వోల్టేజిలో నాననివ్వండి, ఆ తర్వాత దాని లీకేజీ తగ్గుతుంది. నోడ్ నిద్రలోకి పోయాక బ్యాటరీ తీసేసి గడియారం చూడండి. 3.3 నుంచి 3.1కి పడటానికి 94 సెకన్లు పడితే కరెంటు 10 మైక్రోయాంపులు. కెపాసిటెన్సును పడిన వోల్టేజితో హెచ్చించి సెకన్లతో భాగించడమే. నోడ్ లేకుండా కెపాసిటరు ఒక్కటే ఎంత వేగంగా పడుతోందో కూడా చూసి తీసివేయాలి. మీటరు ప్రోబులు అలాగే ఆనించి ఉంచొద్దు, ఎందుకో కింద తెలుస్తుంది.

వోల్టేజి రీడింగు ఎందుకు తప్పు వస్తుంది?

4.2 వోల్టుల సెల్లు మీద చిప్పు చదవగలిగేలా వోల్టేజిని సగం చేయడానికి రెండు 1 మెగాఓము రెసిస్టర్లతో డివైడర్ పెట్టారు. మధ్యలో 2.1 వోల్టులుండాలి. డీటీ830 ప్రోబు ఆనిస్తే 1.4 చూపిస్తుంది. రెసిస్టర్లు మార్చి చూస్తారు, మళ్లీ 1.4. రెసిస్టర్లలో లోపం లేదు. డీటీ830 లోపలి నిరోధం 1 మెగాఓమే, అది కింది రెసిస్టరుకు పక్కన చేరి దాన్ని 500 కిలోఓములు చేసేసింది. 10 మెగాఓముల మీటరు పెట్టినా 2.0 చూపిస్తుంది, 2.1 కాదు. అందుకని డివైడర్ మధ్యలో ఎప్పుడూ కొలవొద్దు. సెల్లు కాళ్ల మీద కొలవండి, ఆ అంకెతో చిప్పు చెప్పే అంకెను పోల్చండి. పై కెపాసిటరు పద్ధతిలో ప్రోబు ఆనించి ఉంచొద్దన్నదీ ఇందుకే: 3.3 వోల్టుల మీద ఆ మీటరు తనే 3.3 మైక్రోయాంపులు తాగుతుంది.

మీటరుకు వచ్చిన కష్టమే చిప్పులో వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీకీ వస్తుంది. ఆర్డుయినో యూనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పు ఏడీసీ లోపల 14 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటరు ఉంటుంది, దాన్ని నింపే దారి 10 కిలోఓముల లోపు ఉండాలని డేటాషీటు చెబుతుంది. 1 మెగాఓము డివైడర్‌తో అది సగమే నిండి రీడింగు తక్కువొస్తుంది, లేదా అంతకుముందు చదివిన పిన్ను విలువ అంటుకొస్తుంది. మందు చిన్నదే: ఏడీసీ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 100 నానోఫారడ్‌ల సిరామిక్ కెపాసిటరు. చదివే క్షణంలో కావలసిన చార్జి అదే ఇస్తుంది.

ఇక డివైడర్ ఎప్పుడూ కలిపి ఉంచాలా, మాస్‌ఫెట్ స్విచ్చుతో అవసరమైనప్పుడే కలపాలా? ఎప్పుడూ ఉంచితే 1 మెగా, 1 మెగా డివైడర్ 4.2 వోల్టుల మీద తాగేది 2.1 మైక్రోయాంపులు. మాస్‌ఫెట్ పెట్టి దాన్నీ మిగుల్చుదామనిపిస్తుంది. కానీ ఆ 100 నానోఫారడ్‌లు 500 కిలోఓముల గుండా నిండాలంటే దాదాపు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనూ చిప్పు 40 మిల్లీయాంపులతో మెలకువగా నిలబడితే, 10 నిమిషాలకోసారి చొప్పున సగటున 16 మైక్రోయాంపులకు పైనే ఖర్చు. రెండు మిగల్చబోయి పదహారు పోగొట్టుకున్నట్టు. అందుకని పెద్ద రెసిస్టర్లయితే మాస్‌ఫెట్ వద్దు, ఎప్పుడూ కలిపే ఉంచండి. 10 కిలో లాంటి చిన్న రెసిస్టర్లు పెట్టే పరిస్థితి ఉంటేనే మాస్‌ఫెట్. చాలా బోర్డుల్లో కనబడే 100 కిలో, 100 కిలో డివైడర్ 21 మైక్రోయాంపులు తాగుతుంది, నిద్రపోయే ఈఎస్‌పీ32 కన్నా రెట్టింపు.

డివైడరే లేకుండా చిప్పు తన సప్లైని తనే చదువుకునే పద్ధతులున్నాయి. ఏటీమెగాలో 1.1 వోల్టుల లోపలి రిఫరెన్సును (పోల్చి చూసే స్థిర వోల్టేజిని) సప్లైతో పోల్చి చదవొచ్చు, 1125300ను ఏడీసీ అంకెతో భాగిస్తే సప్లై మిల్లీవోల్టుల్లో వస్తుంది. ఆ 1.1 అనేది చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉంటుంది కాబట్టి ప్రతి చిప్పుకూ ఒకసారి మీటరుతో సరిచూసి ఆ పెద్ద అంకెను దిద్దుకోవాలి, రిఫరెన్సు మార్చాక వచ్చే మొదటి రెండు మూడు రీడింగులు పారేయాలి. ఈఎస్‌పీ8266లో ఏడీసీని వీసీసీ మోడ్‌లో పెడితే ఇదే పని చేస్తుంది, కానీ ఏ0 పిన్నుకు బయట ఏమీ కలిపి ఉండకూడదు, డీ1 మినీ బోర్డులో అయితే ముందే ఒక డివైడర్ కలిపి ఉంటుంది. ఈ పద్ధతులు ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: బ్యాటరీకీ చిప్పుకీ మధ్య రెగ్యులేటరు ఉందా? ఉంటే చిప్పుకు కనబడేది రెగ్యులేటరు ఇచ్చే 3.3 మాత్రమే. సెల్లు 4.2 ఉన్నా 3.5 ఉన్నా 3.3 అనే చెబుతుంది, అంకె దిగడం మొదలయ్యేసరికి సెల్లు ఖాళీ. బ్యాటరీ నేరుగా చిప్పుకు కలిసి ఉంటేనే ఇవి పనికొస్తాయి.

ఈఎస్‌పీ32 ఏడీసీకి మూడు జాగ్రత్తలు. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నులు పనిచేయవు, కాబట్టి 32 నుంచి 39 మధ్య ఉన్న ఏడీసీ1 పిన్నులే వాడాలి. అత్యధిక అటెన్యుయేషన్‌లో (వోల్టేజిని తగ్గించి చదివే సెట్టింగులో) కూడా నమ్మదగ్గది 150 మిల్లీవోల్టుల నుంచి 2450 దాకానే, ఆ పైన గీత వంగిపోతుంది. లోపలి రిఫరెన్సు చిప్పును బట్టి 1000 నుంచి 1200 మిల్లీవోల్టుల మధ్య ఉంటుంది కాబట్టి పచ్చి ఏడీసీ అంకెను నమ్మితే 3.7 వోల్టుల సెల్లు ఒక బోర్డులో 3.4గానూ ఇంకో బోర్డులో 4.0గానూ కనబడొచ్చు. ఆర్డుయినోలో ఎనలాగ్‌రీడ్‌మిల్లీవోల్ట్స్ ఫంక్షన్ ఫ్యాక్టరీలో రాసిన కాలిబ్రేషన్‌ను వాడుకుంటుంది, 16 రీడింగుల సగటు తీస్తే చాలావరకు కుదురుకుంటుంది. ఈఎస్‌పీ8266 ఉన్న డీ1 మినీలో అయితే 220 కిలో, 100 కిలో డివైడర్ ఉంటుంది కాబట్టి ఏ0కు ముందు 150 కిలోఓములు సిరీస్‌లో పెడితే 4.7 వోల్టుల దాకా చదవొచ్చు. 100 కిలోఓములు పెట్టమని కొందరంటారు, అప్పుడు 4.2 దగ్గరే అంచుకు తగులుతుంది.

ఎప్పుడు చదవాలన్నదీ ముఖ్యమే. వైఫై మొదలవకముందు ఒకసారి, పంపుతున్నప్పుడు ఇంకోసారి చదివి రెండూ పంపండి. మొదటిది 4.0, రెండోది 3.9 అయితే 300 మిల్లీయాంపులకు 0.1 వోల్టు పడినట్టు, అంటే దారిలో మూడో వంతు ఓము ఉంది. మంచి 18650 సెల్లు లోపలి నిరోధం అందులో చిన్న పాలు, మిగతాదంతా హోల్డర్ స్ప్రింగు, సన్న జంపర్ వైర్లు. తేడా 0.3 దాటితే సెల్లును అనుమానించే ముందు హోల్డర్ కాళ్లు తోమి, వైర్లు లావు చేసి చూడండి. వోల్టేజి మరీ పడితే చిప్పును రీసెట్ చేసే బ్రౌనౌట్ డిటెక్టర్, సీరియల్ మానిటర్‌లో ట్రిగ్గర్ అయిందన్న మెసేజి వచ్చేదీ ఇందుకే. ఆ డిటెక్టర్‌ను ప్రోగ్రాములో ఆపేయమనే సలహా పాటించొద్దు. వోల్టేజి పడటం ఆగదు, చిప్పు తప్పుడు లెక్కలు చేయడం, ఫ్లాష్ చెడటం మాత్రం మొదలవుతాయి. చిప్పు కాళ్ల దగ్గర 470 మైక్రోఫారడ్‌ల లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటరు పెట్టండి.

సెల్లు, రెగ్యులేటరు

ఏఎంఎస్1117ను బ్యాటరీ నోడ్‌లో వాడనే వాడొద్దు. తాగే 5 మిల్లీయాంపులు ఒక కారణమైతే, ఇన్‌పుట్ అవుట్‌పుట్ కన్నా వోల్టు పైన ఉంటే గానీ సరిగ్గా పనిచేయకపోవడం ఇంకో కారణం. సెల్లు 3.7 వోల్టుల దగ్గర ఉన్నప్పుడే చిప్పుకు దాదాపు 2.7 అందుతుంది.

మిగిలినవాటిలో ఎంపిక మీ రేడియోను బట్టి ఉంటుంది. హెచ్‌టీ7333 దాదాపు 4 మైక్రోయాంపులు, ఎంసీపీ1700 దాదాపు 1.6 మైక్రోయాంపులు తాగుతాయి, కానీ రెండూ ఇవ్వగలిగేది 250 మిల్లీయాంపులే. ఏపీ2112కే 600 మిల్లీయాంపులిస్తుంది, 55 మైక్రోయాంపులు తాగుతుంది. ఆ 55 చూసి భయపడక్కర్లేదు. రోజుకు 1.3 ఎంఏహెచ్. వైఫై నోడ్ మెలకువలో రోజుకు 14 ఎంఏహెచ్ దాకా ఖర్చు పెడుతున్నప్పుడు ఈ 1.3 కోసం 250 మిల్లీయాంపుల రెగ్యులేటరు పెట్టి బ్రౌనౌట్లతో కుస్తీ పట్టడం దండగ. వైఫైకి ఏపీ2112కే, దూరం పంపే లోరా రేడియోకూ, రౌటర్ లేకుండా ఈఎస్‌పీ చిప్పులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌకూ హెచ్‌టీ7333 లేదా ఎంసీపీ1700 అని పెట్టుకోండి. వైఫైలో హెచ్‌టీ7333 వాడక తప్పకపోతే అవుట్‌పుట్ వైపు 470 నుంచి 1000 మైక్రోఫారడ్‌లు ఉండాలి. ఎంసీపీ1700, ఏపీ2112కే రెండిటి ఇన్‌పుట్ హద్దూ 6 వోల్టులే, కొత్త ఆల్కలైన్ ఏఏ సెల్లులు నాలుగు కలిపితే 6.4 వస్తాయి. అలాంటిచోట 12 వోల్టుల దాకా తట్టుకునే హెచ్‌టీ7333దే పైచేయి. ఏఎంఎస్1117 తీసి వీటిలో ఒకటి పెడుతుంటే కాళ్ల వరస వేరని గుర్తుంచుకుని డేటాషీటు చూసి సాల్డర్ చేయండి.

రెగ్యులేటరే లేకుండా లైఫ్‌పీఓ4 (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లు నేరుగా ఈఎస్‌పీకి కలపడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. సెల్లు 3.2, 3.3 మధ్య చాలాసేపు నిలబడుతుంది, రెగ్యులేటరు ఖర్చు సున్నా. చార్జరు నుంచి అప్పుడే తీసిన సెల్లు 3.65 ఉంటుంది, చిప్పు హద్దు 3.6, కాబట్టి కాసేపు ఆగి 3.4కి దిగాక పెట్టండి. మామూలు లిథియం-అయాన్ చార్జరైన టీపీ4056 మాడ్యూలుతో ఈ సెల్లును చార్జి చేయొద్దు, అది 4.2 దాకా తోస్తుంది. 3.6కు సెట్ చేసుకునే వీలున్న టీపీ5000 లాంటిది కావాలి. ఈ సెల్లుకున్న లోపం ఒక్కటే: వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, చివరిదాకా ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి పంపడం నయం.

రెండు ఆల్కలైన్ ఏఏ సెల్లులతో ఏటీమెగా నడిపేవాళ్లు బ్రౌనౌట్ ఫ్యూజు (ఏ వోల్టేజి దగ్గర ఆగాలో చిప్పుకు చెప్పే సెట్టింగు) చూసుకోవాలి. 2.7 వోల్టులకు పెట్టి ఉంటే ఒక్కో సెల్లు 1.35 దగ్గరే పని ఆగిపోతుంది, సెల్లులో బోలెడు మిగిలి ఉంటుంది. దాన్ని 1.8కి దించి క్లాకు 4 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే సెల్లులు దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు. సీఆర్2032 నాణెం సెల్లు వైఫైకి పనికిరాదు. ఉన్నదే దాదాపు 220 ఎంఏహెచ్, పైగా పెద్ద కరెంటు అడిగితే వోల్టేజి కూలుతుంది. బీఎల్ఈకి (తక్కువ కరెంటు బ్లూటూత్‌కు), పక్కన 100 మైక్రోఫారడ్‌లతో, సరిపోతుంది.

తెలంగాణ, ఆంధ్ర ఎండలకు ఒక మాట. లిథియం-అయాన్ సెల్లును 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. బజారు టీపీ4056 మాడ్యూళ్లలో ఉష్ణోగ్రత పిన్ను గ్రౌండుకు కట్టేసి ఉంటుంది, అంటే ఆ కాపలా లేనట్టే. మే నెలలో డాబా మీద మూసిన ప్లాస్టిక్ పెట్టె లోపల బయటి గాలి కన్నా చాలా ఎక్కువ వేడి. ప్యానెల్ ఎండలో ఉండనివ్వండి, సెల్లును మాత్రం ట్యాంకు కింద నీడలోకి వైరు లాగి పెట్టండి.

రేడియో

ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. వైఫైకి కలిసి, ఐపీ తెచ్చుకుని, పంపి పడుకోవడానికి 3 సెకన్లు, సగటున 120 మిల్లీయాంపులు అనుకుంటే ఒక్కసారికి 0.1 ఎంఏహెచ్, 10 నిమిషాలకోసారి అయితే రోజుకు 14.4. నిద్రకు రోజుకు 0.24 మాత్రమే. నాలుగున్నర నెలలు నడుస్తుంది. స్టాటిక్ ఐపీ, రౌటర్ చానెల్, బీఎస్ఎస్ఐడీ (రౌటర్ రేడియో చిరునామా) ముందే ఇచ్చేసి మెలకువను 1 సెకనుకు దించితే రోజుకు 5 ఎంఏహెచ్. ఈఎస్‌పీ-నౌతో పావు సెకనులో పని ముగిస్తే రోజుకు 1 ఎంఏహెచ్ చొప్పున. అక్కడికి చేరాక సెల్లు తనంతట తాను కోల్పోయేదే ఎక్కువ: నెలకు 2 శాతం అనుకున్నా రోజుకు 1.7 ఎంఏహెచ్. ఇక మైక్రోయాంపుల వెంట పడటం ఆపేయొచ్చు.

ఇంట్లో రౌటర్ పక్కనే ఉంటే, గంటకోసారి చాలనుకుంటే వైఫై. ఇంటి చుట్టూ నాలుగైదు నోడ్లు, కరెంటు ప్లగ్గుకు ఒక రిసీవరు అంటే ఈఎస్‌పీ-నౌ. పొలంలో బోరు మోటారు దగ్గరికి అంటే లోరా. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు అక్కర్లేదు కాబట్టి 868 అని అమ్మే ఆర్‌ఎఫ్‌ఎం95 లోరా మాడ్యూలు తీసుకుని ఫ్రీక్వెన్సీ ఆ లోపలికి మార్చుకోండి.  లోరాలో వేగాన్నీ దూరాన్నీ తేల్చే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 7లో చిన్న ప్యాకెట్టు సెకనులో పదో వంతు లోపే అయిపోతుంది, 12లో సెకను దాటుతుంది. దూరం సరిపోతుంటే 7లోనే ఉంచండి. ఫోనుతో చదివే నాణెం సెల్లు సెన్సరుకు ఎన్‌ఆర్‌ఎఫ్52832 బ్లూటూత్ చిప్పు: టైమర్ నడుస్తూ నిద్రలో 2 మైక్రోయాంపుల లోపు, 0 డీబీఎం (1 మిల్లీవాటు) దగ్గర పంపుతూ 5.3 మిల్లీయాంపులు.

అంకెను బట్టి దొంగను పట్టడం

అన్నీ సరిగ్గా ఎంచుకున్నా నిద్ర కరెంటు ఎక్కువే చూపిస్తుంటే, ఆ అంకే ఆచూకీ చెబుతుంది.

5 నుంచి 10 మిల్లీయాంపులు: ఏఎంఎస్1117, లేదా చిప్పు అసలు నిద్రలోకే పోలేదు.
1 నుంచి 2 మిల్లీయాంపులు: పవర్ ఎల్‌ఈడీ, లేదా రేడియోను స్లీప్ బదులు స్టాండ్‌బైలో వదిలేశారు. ఆర్‌ఎఫ్‌ఎం69 స్టాండ్‌బైలో 1.25, ఆర్‌ఎఫ్‌ఎం95 1.6 తాగుతాయి. స్లీప్ కమాండ్ ఇస్తే రెండూ మైక్రోయాంపు లోపుకు వస్తాయి.
700 మైక్రోయాంపులు: 4.7 కిలో పుల్-అప్ (లైనును సప్లై వైపు లాగి ఉంచే రెసిస్టరు) ఉన్న లైను సున్నాలో ఉండిపోయింది.
330 మైక్రోయాంపులు: అదే 10 కిలోతో.
దాదాపు 50 మైక్రోయాంపులు: ఏపీ2112కే, లేదా సెన్సరు మాడ్యూలు మీద ఇంకో రెగ్యులేటరు.
దాదాపు 20 మైక్రోయాంపులు: 100 కిలో డివైడర్, లేదా ఏటీమెగాలో నిద్రలోనూ నడుస్తున్న బ్రౌనౌట్ డిటెక్టర్. రెండోదాన్ని నిద్రకు ముందు ప్రోగ్రాములో ఆపొచ్చు, లేచాక తనే మొదలవుతుంది.

ఏ అంకెకూ సరిపోకపోతే సెన్సర్లు ఒక్కొక్కటే ఊడదీసి ప్రతిసారీ కొలవండి. సెన్సరు సప్లైని పిన్నుతో తీసేసినా కరెంటు తగ్గలేదంటే డేటా వైర్ల పుల్-అప్‌ల గుండా అది ఇంకా బతికే ఉంది. సప్లైతో పాటు పుల్-అప్‌లనూ అదే పిన్ను నుంచి ఇవ్వండి, నిద్రకు ముందు డేటా పిన్నులను ఇన్‌పుట్‌గా మార్చండి. ఈఎస్‌పీ32 వ్రోవర్ మాడ్యూళ్లలో 12వ పిన్నుకు పుల్-అప్ ఉంటుంది కాబట్టి నిద్రకు ముందు దాన్ని ఆర్‌టీసీ ఐసొలేట్ ఫంక్షన్‌తో విడదీయాలి.

బల్ల మీద 12 మైక్రోయాంపులు చూపించిన బోర్డు వానాకాలంలో పెట్టెలో 40 చూపిస్తే, డివైడర్ రీడింగు కూడా అటూ ఇటూ జరుగుతుంటే, అది సాల్డర్ ఫ్లక్స్ మీద చేరిన తేమ పని. 1 మెగాఓము రెసిస్టరు పక్కన ఆ జిగురు పొర ఇంకో రెసిస్టరులా పనిచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో పాత టూత్‌బ్రష్షు ముంచి రెండు వైపులా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ కొలవండి. అంకె దిగితే ఏడీసీ పిన్ను చుట్టూ, డివైడర్ మీదా పీసీబీ వార్నిష్ ఒక పూత వేసి, యాంటెన్నా, కనెక్టర్లకు అంటకుండా చూసి, అప్పుడు పెట్టె మూయండి.